గజ్జల్లో బిళ్ళకు ఎన్ని పాయింట్లు?

2011, సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. జనగామలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సును, డ్రెస్సింగ్ రూములో డ్యూటీ. బస్సులు డిపో దాటడం లేదు. బడులకు తాళాలు పడ్డాయి. ఏ ఆఫీసు ముందు చూసినా టెంటూ, దాని కింద పాటా. మాది అత్యవసర సేవ కాబట్టి నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని పని చేశాం. అందరూ సమ్మె చేసినా గాయాలు సమ్మె చెయ్యవు కదా.

నర్సు ఉద్యోగం గురించి అడిగేవాళ్ళు ఓపిక గురించి అడుగుతారు, సేవ గురించి అడుగుతారు. అనుమానం గురించి ఎవరూ అడగరు. నిజం చెప్పాలంటే డ్రెస్సింగ్ రూములో సగం పని అనుమానమే. బండి మీంచి పడ్డానని వచ్చిన మనిషి వీపు మీద కట్టె వాతలు తేలి ఉంటాయి. కూరగాయలు కోస్తుంటే తెగిందని చెప్పిన ఆమెకు గాయం కత్తి పట్టే చేతికే ఉంటుంది. నోరు ఒకటి చెబుతుంది, గాయం ఇంకొకటి చెబుతుంది. నేను గాయం మాటే వింటాను. మా అక్క దీన్ని రోగం అంటుంది. "పాలోడు నవ్వినా నీకు అనుమానమేనే" అని నన్ను ఎగతాళి చేస్తుంది. చేసుకోనీ. నవ్వే పాలవాడి పాలలో నీళ్ళు లేవని ఆమె మాత్రం చూసిందా?

పైగా నేను పుట్టి పెరిగింది భూపాలపల్లి వైపు. అక్కడ పెరిగినవాళ్ళకు అనుమానం ఒకరు నేర్పాల్సిన పని లేదు. ఇవాళ అన్నలు వచ్చి అన్నం అడిగితే, రేపు పోలీసులు వచ్చి ఎవరికి పెట్టారని అడిగేవాళ్ళు. మా దగ్గర పార్టీ అంటే ఓట్ల పార్టీ కాదు, విందూ కాదు. ఫలానావాళ్ళ కొడుకు పార్టీలోకి పోయాడంటే అడవిలోకి పోయాడని అర్థం. ఆ మాటను ఎవరూ గొంతెత్తి అనరు. అనాల్సి వస్తే ముందు అటూ ఇటూ చూస్తారు.

అలాంటిది, ఒక మధ్యాహ్నం నేను బియ్యం ఏరుకుంటూ కూర్చుంటే, మేడ మీది గదిలోంచి ఆ మాట వాడంతా వినపడేంత గట్టిగా వచ్చింది.

"పార్టీ ఇయ్యాల అడవిల్నే ఆగుతది. పహారా ఎవలు కాస్తరు?"

"ఒగడు పడ్డడు గద. దెబ్బ గట్టిగనే తాకింది."

"పంటె పొద్దుగాల్లకు లేస్తడు తియ్."

నా చేట అక్కడే ఆగింది.

నేను అద్దెకున్నది ఖైరున్ బీ ఇంట్లో. కింద ఒక వాటాలో నేను, ఇంకో వాటాలో ఆమె, ఆమె కొడుకు యూసుఫ్. పై గదిలో ఇద్దరు కుర్రవాళ్ళు అద్దెకుండేవారు. నరేష్‌ది దేవరుప్పుల. హైదరాబాదులో కంప్యూటరు కోర్సు చేస్తూ, బందులతో క్లాసులు ఆగిపోతే వచ్చి ఇక్కడ పడ్డాడు. లచ్చిరాంది మానుకోట వైపు, పెద్దవంగర దగ్గర ఒక తండా. డిగ్రీ అయింది. కానిస్టేబుల్ రాతపరీక్ష పాసై పరుగు పరీక్ష కోసం ఎదురుచూస్తున్నాడు. రోజూ నేను నల్లా దగ్గర బిందె పెట్టే వేళకు పరుగు ముగించుకుని, చెమటతో తడిసి, బూట్లు మెట్ల మీద విడిచి పైకి పోయేవాడు. మాటలు తక్కువ. యూసుఫ్‌ది వెల్డింగ్ పని. సమ్మెలో పని లేక రోజంతా వాళ్ళ గదిలోనే ఉండేవాడు.

ఖైరున్ బీ కూడా ఆ మాటలు విన్నది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వాటాలోకి వచ్చింది.

"బేటీ, సునీ క్యా? పార్టీ అంటున్నరు, దళం అంటున్నరు. నా కొడుకు సుత గండ్లనే ఉన్నడు. మేరేకు డర్ లగ్ రా, భయమైతుంది. నువ్వు సర్కారీ మనిషివి, జర పోయి చూడు."

"చూస్తనమ్మా" అన్నాను గానీ వెంటనే పోలేదు. అనుమానం ఉన్న మనిషి తొందరపడకూడదు. ముందు వినాలి.

ఆ వారమే రైలు పట్టాల మీద జనం కూర్చున్నారు. పోలీసులు వెంటపడితే పిల్లలు ఎటు దారి దొరికితే అటు ఉరికారు. ఇక్కడ మా వృత్తిలోని ఒక సంగతి చెప్పాలి. కొట్లాట దెబ్బ, ప్రమాదం, అనుమానం కలిగించే గాయం ఏదైనా వస్తే దాన్ని ఎం.ఎల్.సి. అంటాం, అంటే మెడికో లీగల్ కేసు. డాక్టరు గాయాన్ని వివరంగా రాస్తారు, పోలీసులకు కబురు పోతుంది. మామూలు రోజుల్లో ఇది పేషెంటుకు రక్షణ. ఆ రోజుల్లో మాత్రం ఆ మూడు అక్షరాలు వింటే పిల్లలు గేటు దగ్గర నుంచే తిరిగిపోయేవారు. పసుపు పెట్టుకుని ఇంట్లోనే పడుకున్నవాళ్ళు ఎందరో నాకు తెలియదు.

మర్నాడు పొద్దున నల్లా దగ్గర నరేష్ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. చేతిలో బిందె ఉంది గానీ నీళ్ళ మీద ధ్యాస లేదు.

"అక్కా, ఊరికెనే అడుగుతున్న. మనిషికి పిక్కల బల్లెం దిగిందనుకో. ఎన్ని దినాలకు నడుస్తడు?"

"బల్లెమా?"

"బల్లెమో, కత్తో. గండ్ల దవాఖాన లేదనుకో. అడవి అనుకో."

గాయం, దవాఖాన లేదు, అడవి. నిన్న విన్న పార్టీకి ఇవన్నీ కలిపి చూసుకున్నాను. పై గదిలో ఎవరినో దాచారని తీర్మానించుకున్నాను.

"ఎవలికి తాకింది?"

"ఎవలికి లేదక్క. ఊరికెనే."

నా సర్వీసులో ఊరికెనే అన్న మాట ఎప్పుడూ ఊరికే రాలేదు. ఆ మధ్యాహ్నం సర్వపిండి చేసి, నాలుగు ముక్కలు పళ్ళెంలో పెట్టుకుని, ఆ సాకుతో మేడ ఎక్కాను. ఖైరున్ బీ కింది మెట్టు మీద నిలబడి నా వీపు చూస్తూ ఉంది.

తలుపు దగ్గరికి వేసి ఉంది. తోసి చూస్తే లోపల ముగ్గురే ఉన్నారు, కొత్త మనిషి లేడు. నేల మీద పెద్ద చార్టు పేపరు, దాని మీద స్కెచ్ పెన్నులతో గీసిన అడవి, వాగు, కోట. చింతగింజలు అక్కడక్కడా పెట్టి ఉన్నాయి. మధ్యలో ఎర్రగా, నేరేడుపండంత, ఎన్నో ముఖాలున్న ఒక పాచిక. నరేష్, యూసుఫ్ దిగ్గున లేచి నిలబడ్డారు. లచ్చిరాం లేవలేదు. గోడకు ఆనుకుని, నడుము దాకా దుప్పటి కప్పుకుని, అలాగే చాపుకున్న కాళ్ళతో కూర్చున్నాడు. మా వైపు పిల్లలు అక్క వస్తే కాళ్ళు ముడుచుకోకుండా ఉండరు. ఎంత పొగరు వీడికి అనుకున్నాను.

"ఏంది ఇదంతా?"

"ఆట అక్కా" అన్నాడు నరేష్. "కథ చెప్పుకుంట ఆడేది. ఒక్కొక్కడు ఒక్కో వీరుడు. నేను కథ నడిపిస్త. వాగు దాటుడు అయితదా లేదా, దెబ్బ తాకుతదా లేదా, పాచిక చెప్తది. హైదరాబాదుల దోస్తులు నేర్పిండ్రు."

"మరి పార్టీ ఏంది? దళం ఏంది?"

"అందరు కలిసి పోయేదాన్ని పార్టీ అంటరక్క. ఇంగ్లీషు పుస్తకంల గట్లనే ఉన్నది. మనం తెలుగుల దళం అని పెట్టుకున్నం."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మీ బుద్ధికి పిడాత పడ! ఊరంత పోలీసులున్న టైముల పార్టీ అడవిల ఆగింది, దళం పహారా కాస్తుందని కిటికీ తెర్సి ఒర్రుతరా? జట్టు అనుండ్రి. కబడ్డీ ఆడినప్పుడు జట్టు అనలేదా?"

యూసుఫ్ పోయి కిటికీ మూశాడు.

నేను అంత తేలిగ్గా నమ్మే మనిషిని కాదు. ఆటైతే ఆడి చూపించమన్నాను, అక్కడే కూర్చున్నాను. ఆడారు. రూల్సు వింటున్నకొద్దీ నాకు నవ్వూ, కోపమూ రెండూ వచ్చాయి. నిలువెల్లా ఇనుప అంగీ తొడుక్కున్న వీరుడు నిండు వాగును ఈదుతాడు, పాచిక బాగా పడితే చాలట. సంచిలో వస్తువులకు బరువు లెక్క ఉంది గానీ పొడుగు లెక్క లేదు. బరువు సరిపోతే నిచ్చెన కూడా సంచిలో పడుతుంది. తాటిచెట్టంత ఎత్తు నుంచి పడ్డవాడికి కొన్ని పాయింట్లు పోతాయి, అంతే. దులుపుకుని లేచి కత్తి దూస్తాడు. తాటిచెట్టు మీంచి పడ్డ గౌడన్నలు మా వార్డులో ఎట్లా పడి ఉంటారో నాకు తెలుసు. కొందరికి నడుము కింద గిల్లినా తెలియదు. మనిషికి ఇన్ని పాయింట్ల ప్రాణం అని ఉంటుందట. అందులో ఒక్క పాయింటు మిగిలినా, నిండా పాయింట్లున్నవాడు కొట్టినంత గట్టిగానే కొడతాడు. ఇక అన్నిటికంటే విచిత్రం, ఒక్క రాత్రి నిద్రపోతే ఎంత గాయమైనా పొద్దున్నకు మాయం.

"గిదేం రూలురా? పిక్కల బల్లెం దిగినోడు పొద్దుగాల లేసి ఉరుకుతడా?"

"నేను గదే అంటున్న అక్కా" అన్నాడు నరేష్. "లచ్చిగాని వీరునికి పిక్కల తాకింది. ఒక్క రాత్రిల మానుడు అన్యాలం. ఆ రూలు మారుద్దామని నిన్ను అడిగిన."

గోడ దగ్గర నుంచి లచ్చిరాం గొంతు వచ్చింది. అంతదాకా ఒక్క మాట మాట్లాడనివాడు, ఉన్నట్టుండి గట్టిగా అన్నాడు.

"మార్చేది లేదు. రూలంటె రూలే. ఒక్క రాత్రి పంటె మానుతది."

"మానదు బిడ్డా" అన్నాను. "పిక్క అంటె నడిచినప్పుడల్లా కదిలే కండ. కడగాలె, కుట్టాలె, టి.టి. సూది ఎయ్యాలె. ధనుర్వాతం రాకుండ."

"దేనితోని కడగాలక్క?" నరేష్ ముందుకు వంగాడు. "సబ్బు నడుస్తదా?"

"ధారగ నీళ్ళు, సబ్బు. మట్టి పోయేదాంక. ఎంత సేపు కడిగితె అంత మంచిది. కడిగి దవాఖానకు తోల్కపోవాలె."

"దవాఖాన లేదు గద, అడవిల" అన్నాడు లచ్చిరాం.

"గట్లయితె మీ వీరుడు సస్తడు" అని లేచాను. ఎవరూ నవ్వలేదు. ఆటను ఇంత మనసు పెట్టి ఆడతారా అనుకున్నాను.

కిందికి దిగి ఖైరున్ బీకి చెప్పాను. "ఆటనేనమ్మా. పిచ్చి ఆట. నీ కొడుక్కు ఏం కాదు."

ఆమె తేలిగ్గా ఊపిరి పీల్చుకుని సర్వపిండి ముక్క తుంచుకుంది. నా అనుమానం మాత్రం కూర్చుందే గానీ పడుకోలేదు. మెట్ల మీద లచ్చిరాం బూట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి మీద దుమ్ము పట్టింది. ఏంది, పరుగు బందు పెట్టిండా అని యూసుఫ్‌ను అడిగితే, "సమ్మె కదా అక్కా, రెస్టు" అన్నాడు. పరుగు పరీక్ష నెత్తి మీద పెట్టుకున్నవాడు రెస్టు తీసుకుంటాడా? పెళ్ళి ముందు పెట్టుకుని పెళ్ళికొడుకు ఊరు పోయినట్టుంది అనుకున్నాను. అయినా కళ్ళతో చూసి వచ్చాను కదా, గదిలో ముగ్గురే, ఆటే. ఆ రోజుల్లో ఆసుపత్రిలో పని కూడా ఊపిరి సలపనివ్వలేదు.

కొద్దిరోజులకు నేను బట్టలు పిండుతున్నాను. నరేష్ మెట్లు దిగి వచ్చాడు. గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయాయి.

"అక్కా, ఆటల ఒక డౌటు. లచ్చిగాని వీరునికి గజ్జల్ల బిళ్ళ కట్టింది. దానికి ఎన్ని పాయింట్లు తీసెయ్యాలె?"

చేతిలోని చీర అలాగే నీళ్ళలో వదిలేశాను.

మీకు తెలియకపోతే చెబుతాను. కాలి గాయం చెడి, చీము పట్టి, విషం పైకి ఎక్కుతుంటే తొడ మొదట్లో గడ్డలా ఉబ్బుతుంది. ముట్టుకుంటే ప్రాణం పోతుంది. డాక్టర్లు లింఫ్ నోడ్ అంటారు. మా ఊళ్ళలో బిళ్ళ అంటారు. కాలికి ముల్లు విరిగిన పిల్లవాడు కుంటితే తల్లి ముందు అరికాలు చూడదు, గజ్జల్లో ఒత్తి చూస్తుంది, బిళ్ళ కట్టిందా లేదా అని. ఇది ఏ దేశం ఆట పుస్తకంలో ఉంటుంది? ఇనుప అంగీతో వాగు ఈదే ఆట, తాటిచెట్టంత ఎత్తు నుంచి పడి దులుపుకుని లేచే ఆట. ఆ వీరులకు జ్వరం లేదు, దాహం లేదు, ఒంటికి పోవడం కూడా లేదు. వాళ్ళ గజ్జల్లోకి బిళ్ళ ఎక్కడి నుంచి వచ్చింది? అది పుస్తకంలోంచి రాలేదు, ఒక మనిషి ఒంట్లోంచి వచ్చింది.

"నడువు పైకి" అన్నాను. వాడు అడ్డం నిలబడబోయాడు. తోసుకుని ఎక్కాను.

లచ్చిరాం అదే గోడకు, అదే దుప్పటిలో ఉన్నాడు. ముఖం పీక్కుపోయి, పెదవులు ఎండిపోయాయి. తలుపు తీయగానే వాసన కొట్టింది. ముప్పై గాయాల మధ్యలో ఉన్నా చెడిన గాయం వాసన నేను పట్టగలను.

"దుప్పటి తియ్యి."

"ఆటనే అక్కా."

"తియ్యిరా!"

తీయలేదు. నేనే తీశాను. పిక్కకు తువ్వాల చుట్టి ఉంది. దాని కింద పసుపు, నల్లాలం ఆకు పసరు ఎండి అట్టగట్టాయి. చీలమండ నుంచి మోకాలి దాకా కాలు ఉబ్బి, ఎర్రబడి, చర్మం మెరుస్తోంది. చెయ్యి పెడితే కాలింది. దీన్ని సెల్యులైటిస్ అంటాం, చర్మం కింద విషం పాకడం. గాయం మధ్యలో నల్లగా చచ్చిన కండ. ఆ దుప్పటికి జానెడు దూరంలో కూర్చుని నేను మొన్న తాటిచెట్ల గురించి వాదించాను. నా మీద నాకే మండిపోయింది.

విషయం అప్పుడు బయటికి వచ్చింది. రైలు పట్టాల దగ్గర అందరితో పాటు లచ్చిరాం కూడా ఉరికాడు. కంచె దూకుతుంటే తుప్పు పట్టిన ఇనుప కమ్మి పిక్కను చీల్చింది. యూసుఫ్ బండి మీద తెచ్చి గదిలో పడేశారు. కిందింట్లో నర్సును ఎట్లా అడగాలో తెలియక, నరేష్ ఆటలోని వీరుడికి కూడా అక్కడే బల్లెం గుచ్చాడు. అప్పుడు ఏం అడిగినా ఆట గురించే అడిగినట్టుంటుందని. నేను చెప్పినట్టు సబ్బుతో కడిగారు కూడా, కాకపోతే అప్పటికే ఆలస్యమైంది.

"దవాఖానకు ఎందుకు రాలే?"

లచ్చిరాం నా చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, కేసయితదక్క. పోలీసు నౌకరికి పోయేటోని మీద పోలీసు కేసుంటె ఇగ అయిపాయె. మా తండాల ఒక్కనికి సర్కారు నౌకరి లేదు. మా బాపు ఊరంత చెప్పుకున్నడు. ఈడనే కట్టు కట్టు అక్క. సూది ఈడనే ఎయ్యి. నీ కాళ్ళు మొక్కుత."

"కాలు తీసేస్తె ఏం పెట్టి ఉరుకుతవ్?"

వాడు ఆ మాట వినలేదు. "ఒక్క వారం ఆగుత అక్క. తక్కువైతది."

అప్పటికి ఖైరున్ బీ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. కాలు చూసింది, నుదురు కొట్టుకుంది. కొడుకు వైపు తిరిగి కడిగేసింది. "నా ఇంట్ల పరాయి తల్లి బిడ్డ గిట్ల పండుంటె నాకు చెప్పనీకి నోరు రాలేదారా? ఉఠావ్ ఉస్కో! బండి తీ!" ఆమె ముందు ఎవరి వాదనా నిలవలేదు. యూసుఫ్ బండి తీశాడు. లచ్చిరాంను మధ్యలో కూర్చోబెట్టి, నరేష్ వెనక పట్టుకున్నాడు. నేను వెనకే నడిచి వెళ్ళాను.

డ్యూటీలో కుర్ర డాక్టరు ఉన్నారు. గాయం చూసి, "ఇన్ని రోజులు ఏం చేస్తున్నారు?" అన్నారు. తర్వాత మామూలు ప్రశ్న అడిగారు. "ఎట్లా తగిలింది?"

లచ్చిరాం నా వైపు చూశాడు. నేను ట్రేలో కత్తెరలు సర్దుకుంటూ ఉండిపోయాను. చెప్పాల్సింది పేషెంటు, నేను కాదు. నేను చూడలేదు కూడా.

"కంచె దుంకుతుంటె ఇనుప కమ్మి గీరుకపోయింది సార్."

అది అక్షరాలా నిజం. డాక్టరు అదే రాసుకున్నారు, ఎం.ఎల్.సి. మాట ఎత్తలేదు. ఎందుకు దూకావని అడగలేదు. ఎట్లా తగిలిందన్నది వైద్యం, ఎందుకు దూకాడన్నది వైద్యం కాదు. చచ్చిన కండంతా కోసి తీసెయ్యాలి, దీన్ని డిబ్రైడ్‌మెంట్ అంటారు. అది మొదలుపెట్టేలోపే తలుపు దగ్గర ఖాకీ చొక్కా కనిపించింది. ఆసుపత్రి దగ్గర డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్, మీసాలు నెరిసిన మనిషి.

"ఎవలీ పిల్లగాడు? ఏడ తాకిచ్చుకున్నడు?"

నేను నోరు తెరిచేలోపు నరేష్ తొందరపడ్డాడు. "ఆట ఆడుతుంటె సార్."

"ఏం ఆట?"

"కథ ఆట సార్. పార్టీ అడవిలకెల్లి పోతుంటె..."

చేతిలోని ఫోర్సెప్స్‌ను ట్రేలోకి గట్టిగా విసిరాను. ఆ చప్పుడుకు నరేష్ నోరు మూసుకున్నాడు గానీ అప్పటికే అయిపోయింది. కానిస్టేబుల్ లోపలికి ఒక అడుగు వేశాడు.

"ఏం పార్టీ?"

దొంగతనం చేయనివాడు గోడ దూకి పారిపోతుంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది మా పరిస్థితి. నిజం చెబితే పట్టాల కేసు, ఆట అని చెబితే అడవి కేసు.

"అన్నా, గాయం తెర్సి ఉన్నది. బూట్లతోని లోపటికి రావద్దు" అన్నాను.

ఆయన ఆగాడు గానీ పోలేదు. లచ్చిరాం రెండో కాలు వైపు, బాగున్న కాలు వైపు చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఈవెంట్స్ కొడుతున్నవా?" అన్నాడు. పరుగు, లాంగ్‌జంప్ పరీక్షలను పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు ఈవెంట్స్ అంటారు.

లచ్చిరాం తల ఊపాడు.

"పిక్క చూస్తెనే ఎర్కయితది. నేను సుత గట్ల ఉరికి వచ్చినోన్నే. ఎప్పుడున్నది?"

లచ్చిరాం ఏ రోజో చెప్పాడు. కానిస్టేబుల్ తెరిచి ఉన్న గాయం చూశాడు, నా ముఖం చూశాడు. ఆ గాయానికి, ఆ రోజుకు మధ్య ఎంత దూరముందో ఆయనకూ అర్థమైంది.

"పడ్డవా?"

"పడ్డ సార్."

"పడ్డ అనే చెప్పు. ఆట గీట అని పిచ్చి ముచ్చట్లు పెట్టకు." అని వెళ్ళిపోయాడు.

అది జాలా, లేక వదిలిపెట్టినట్టు కనిపించి కనిపెట్టడమా? నాకు ఆ రోజు తెలియలేదు. వరండాలో బూట్ల చప్పుడైతే చాలు, నా చేతిలో బ్యాండేజీ ఆగేది. ఆయన ఎదురైతే నమస్తే అన్నా అనేదాన్ని, ఆయనా అనేవాడు. లచ్చిరాం పేరు ఎప్పుడూ ఎత్తలేదు. ఎవరూ వచ్చి అడగలేదు. ఆయన మంచితనాన్ని ఇప్పటికీ పూర్తిగా నమ్మలేదు. నమ్మకపోయినందుకు సిగ్గుగానే ఉంటుంది, అయినా నమ్మలేదు.

కాలు నిలబడింది. జ్వరం దిగింది, బిళ్ళ కరిగింది. రోజూ కట్టు విప్పి, మిగిలిన చచ్చిన కండ తీసి, కడిగి మళ్ళీ కట్టేదాన్ని. ఆ పని చేస్తుంటే లచ్చిరాం దిండు కొరుక్కుని "యాడీ, యాడీ" అనేవాడు. వాళ్ళ భాషలో అమ్మా అని. మిగతావేళల్లో ఒక్కటే అడిగేవాడు, ఆ రోజుకు ఉరుకుతనా అని. నేను గాయం చూస్తూ ఏదో ఒకటి అనేదాన్ని.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున నేను కట్టు విప్పుతుంటే లచ్చిరాం కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆ రోజు యాడీ అనలేదు. గాయంలో మందు పోసినా కదల్లేదు.

"ఇప్పుడు ఉరుకుతుంటరు గదక్క" అన్నాడు.

ఇంకోసారి వస్తుందిలే అని అనలేకపోయాను. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, అప్పటికి ఆ పిక్క ఎట్లా ఉంటుందో ఎవరికి తెలుసు? నాకు ఏడుపు ఆగలేదు. మాస్కు ఉండబట్టి సరిపోయింది.

ఈ కేసు నాకు రెండు నేర్పింది. అనుమానం అనేది అబద్ధాన్ని పట్టుకోవడానికని అప్పటిదాకా అనుకునేదాన్ని. మనిషి భయంతో దాచుకున్నదాన్ని కూడా అనుమానమే బయటికి తీస్తుంది, కాకపోతే సగంలో ఆగకూడదు. ఇప్పుడు ఎవరైనా నా దగ్గరికి వచ్చి ఊరికెనే అడుగుతున్న అక్కా అంటే, చేతిలో పని పక్కన పెట్టి, అడిగినవాడి వెనక ఎవరున్నారో చూస్తాను. కొత్తగా చేరిన పిల్లలకు కూడా మొదట అదే చెబుతాను.

రెండోది ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

డిశ్చార్జి రోజు లచ్చిరాం వరండాలో నాలుగడుగులు వేసి చూపించాడు. కుంటుతున్నాడు గానీ కాలు నేల మీద మోపుతున్నాడు. వాళ్ళ బాపు తండా నుంచి వచ్చి, తలపాగా చేతిలో పట్టుకుని, వరండా మెట్ల కింద నిలబడ్డాడు. నేను మందుల చీటీ ఇచ్చాక లచ్చిరాం కదల్లేదు.

"అక్కా, ఒక్క మాట నిజం చెప్పు. దెబ్బ తాకిన రోజే నేను వస్తె, ఉరికేటోన్నా?"

ఆ రోజే వచ్చి ఉంటే కడిగేవాళ్ళం, టి.టి. వేసేవాళ్ళం, కుట్లు పడేవి. ఆ వయసు ఒంటికి అటువంటి గాయం ఎన్నాళ్ళకు మానుతుందో నాకు బాగా తెలుసు. పరుగుకు కావలసినంత వ్యవధి ఉంది. ఉద్యోగం పోతుందని దాక్కున్నాడు, దాక్కోవడం వల్లే ఉద్యోగం పోయింది. ఇది వాడికి చెబితే జీవితాంతం మోస్తాడు.

"లేదు" అన్నాను. "పిక్క కండనే తెగింది. ఏ రోజు వచ్చినా గంతే."

"నిజంగనా అక్కా?"

"నిజంగనే."

నేను పేషెంట్ల ముఖాలు చూసినట్టు వాడు నా ముఖం చూశాడు. నేను కళ్ళు తిప్పుకోలేదు. నమ్మాడో లేదో నాకు తెలియదు. సరే అక్క అని, వాళ్ళ బాపు భుజం పట్టుకుని నెమ్మదిగా గేటు వైపు నడిచాడు.